అర్ధగంటకో రిపోర్టు

ఎండాకాలం, సోమవారం. ఉదయం ఐదు యాభైకి పోస్టులో రిపోర్టు చేశాను. డ్యూటీ ఆరింటికైతే ఐదు యాభైకే ఉండాలి. పదిహేడేళ్లు ఫౌజులో నేర్చుకున్నది ఇంకా ఒంట్లోంచి పోలేదు. పోస్టు అంటే ఏ మంచుకొండో అనుకోకండి, మా మెదక్‌లోనే ఒక ప్రైవేటు దవాఖాన గేటు. పేరు చెప్పను. ముందు రోడ్డు, ఎడమ పక్క మందుల దుకాణం, వెనక దూరంగా ఖిల్లా గుట్ట. గేటు లోపల రేకుల షెడ్డు, దాని కింద నాలుగు సిమెంటు బెంచీలు. షెడ్డు దాటితే అద్దం తలుపు. ఇక నా సరిహద్దు ఆ తలుపే.

సామాను: నీలం చొక్కా, లాఠీ, ఈల, ఒక వాకీటాకీ. దాని జత లోపల ఎమర్జెన్సీలో స్టాఫ్ నర్సు దగ్గర ఉంటుంది. ఆర్డరు ఒక్కటే: పేషెంటు వెంట ఒక్కరిని పంపు, మిగతావాళ్లను ఆపు. మూడు నెలల కాంట్రాక్టు. తుపాకీ గుళ్ల మధ్య నిలబడ్డవాణ్ని, జ్వరాలకూ దగ్గులకూ వచ్చేవాళ్లను ఆపలేనా అని లోలోపల నవ్వుకున్నాను. ఆ నవ్వు నాలుగో రోజు దాకా ఉంది.

నాలుగో రోజు, మధ్యాహ్నం ఒకటీ పది. అల్లాదుర్గ్ వైపు నుంచి ఒక రైతు, పాము కరిచిన తల్లిని తీసుకొచ్చాడు. ఆమె వెంట కోడలు లోపలికి వెళ్లింది, అతను షెడ్డులో ఉండిపోయాడు. గంట గడిచింది. లేచి తలుపు దగ్గరికి వచ్చాడు. నేను సంత్రీ గొంతుతో "థమ్", అంటే ఆగు, అన్నాను. ఛాతీ మీద అరచేయి పెట్టి వెనక్కి నెట్టాను. అతను నా స్టూలే ఎత్తి విసిరాడు. అద్దం పగిలింది, నా నుదురూ పగిలింది. మూడు కుట్లు.

తల్లి బతికింది. సాయంత్రం అతను వచ్చి నా ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ఎందుకు కొట్టిన్నో నాకే తెల్వదు సార్. లోపల ఏమైతుందో ఒక్కలన్న చెప్తే అయిపోతుండె" అన్నాడు.

కుట్లు వేసింది డ్యూటీ డాక్టరమ్మ. ఇరవై ఏడేళ్లుంటాయేమో. "మీరు నెట్టకపోతే ఆయన స్టూల్ ఎత్తకపోతుండె అంకుల్" అంది, దారం కత్తిరిస్తూ. నాకు ఒళ్లు మండింది. నా తల పగిలితే నాదే తప్పా? ఇంటికి పోతూ దారి పొడుగునా సణుక్కున్నాను. చౌరస్తాలో ఛాయ్ తాగుతుంటే ఒక సంగతి గుర్తొచ్చి సిగ్గేసింది.

ఫౌజులో ఉండగా ఒకసారి మావాళ్లు ఐదుగురు పెట్రోలింగుకు వెళ్లారు. గంటగంటకూ రేడియోలో ఓకే రిపోర్టు రావాలి. మంచు తుఫాను మొదలైంది, నాలుగు గంటలు రేడియో పలకలేదు. నేను బంకర్లో ఆపరేటర్ కాలర్ పట్టుకుని గోడకు గుద్దాను. "నాకూ ఎవరూ ఏం చెప్పలేదు హవల్దార్ సాబ్" అన్నాడతను మెల్లగా. ఐదుగురూ క్షేమంగా తిరిగొచ్చారు. ఆపరేటర్‌కు క్షమాపణ చెప్పడానికి మాత్రం నాకు రెండు రోజులు పట్టింది. ఆ రోజు నాకున్నది కోపం కాదు, భయం. ఈ రైతుకూ అంతే.

మరునాటి నుంచి నా ఆర్డరు నేనే మార్చుకున్నాను. అర్ధగంటకోసారి వాకీటాకీలో సిస్టర్‌ను అడగడం, షెడ్డులోకి వచ్చి ఒక్కొక్కరికీ చెప్పడం. చెప్పడానికేమీ లేకపోతే ఏమీ మారలేదని చెప్పడం. లాఠీ తలుపు వెనక పెట్టాను. మనిషికి ఎదురుగా నిలబడటం మాని పక్కకు జరిగి నిలబడ్డాను, చేతులు రెండూ కనబడేట్టు. "అరవొద్దు" అనడం మానేశాను. ఆ మాట విని అరుపు ఆపినవాణ్ని నేనింతవరకు చూడలేదు.

"ఏందన్నా, రేడియో వార్తలా?" అని రెండో గార్డు నర్సింలు ఎగతాళి చేశాడు. పది రోజులు తిరిగేసరికి నేను అన్నానికి వెళ్తే వాడే వార్తలు చదవసాగాడు.

రెండో నెల చివర, బుధవారం, ముసురు. పదకొండూ ఇరవైకి ఆటో వచ్చి ఆగింది. అందులో మా చౌరస్తాలోని వెల్డింగు షాపు ఖలీల్, అతని ఒళ్లో తమ్ముడు సాజిద్. రేగోడ్ రోడ్డులో బైకు లారీ కింద పడింది. తలకు దెబ్బ. తండ్రి పోయాక తమ్ముణ్ని పెంచింది ఖలీలే. ఇనప గేట్లు వంచే చేతులవి. తలుపు దగ్గర ఆ చేతుల్లోంచి తమ్ముణ్ని స్ట్రెచర్ మీదికి తీసుకోవడానికి ముగ్గురం కావలసి వచ్చింది.

"ఉస్తాద్, నన్ను లోపలికి ఇడువు."

"ఖలీల్ భాయ్, తల దెబ్బ కేసు, ఒక్కల్ని గూడ లోపల ఉంచొద్దన్నరు. అర్ధగంటకోపారి నేనే వచ్చి చెప్త. పదకొండున్నరకు మొదటిది."

పదకొండున్నరకు చెప్పాను. పన్నెండుకు చెప్పాను. హైదరాబాదుకు పంపాలంటే ముందు బీపీ నిలబడాలి, నిలబడటం లేదు. ఒంటిగంటకు షెడ్డులో నలభై మంది. "గిక్కడ ఉంచి సంపుతరా? హైదరాబాద్ దీస్కపోతం, ఇడువుండ్రి" అని వెనక నుంచి ఎవరో అన్నారు. నలుగురు వంత పాడారు. ఖలీల్ మాత్రం నన్నే చూస్తున్నాడు.

రెండున్నర రిపోర్టు ఆలస్యమైంది. ఆక్సిజన్ సిలిండర్ మార్చడానికి నన్ను లోపలికి పిలిచారు. బయటికి వచ్చేసరికి ఖలీల్ తలుపు పిడి రెండు చేతులా పట్టుకుని ఊపుతున్నాడు. కొత్త అద్దం గలగలమంటోంది.

"ఆరు నిమిషాలు. గీ ఆరు నిమిషాలల్ల ఏమైందో చెప్పు."

నా అరచేయి అతని ఛాతీ వైపు లేచింది. పాత బుద్ధి. సగంలో దించాను.

"లేటైంది భాయ్, తప్పు నాది. సిలిండర్ మార్చినం. మిషిన్ మీదనే ఊపిరి తీసుకుంటుండు. నెత్తురు గావాలె. మీవాళ్లల్ల బీ పాజిటివ్ ఎవలకుందో జర సూడు."

అతను పిడి వదిలి జనం వైపు తిరిగాడు. చేతికి పని దొరికింది. పదినిమిషాల్లో ఐదుగుర్ని వరస కట్టించాడు.

నాలుగూ ఆరుకు వాకీటాకీ పలికింది. "గేట్, గేట్. అన్నా, ఒక్కసారి లోపలికి రాండ్రి." సిస్టర్ గొంతు మామూలుగా లేదు.

నాలుగూ రెండుకు సాజిద్ పోయాడు. డాక్టరమ్మ గోడకు ఆనుకుని ఉంది, చేతి తొడుగులు కూడా తియ్యలేదు. "పోలీసోళ్లకు ఫోన్ చేసినం. అర్ధగంటల వస్తరంట. అప్పటిదాంక బయట చెప్పొద్దు అంకుల్."

ఆర్డరు. పదిహేడేళ్లలో ఒక్క ఆర్డరూ కాదనలేదు.

"నాలుగున్నరకు నేనేం చెప్పాలె మేడమ్? ఏం మారలేదని చెప్పాల్నా?"

ఆమె బయటి తలుపు వైపు చూసింది. తర్వాత "వాళ్లు నన్ను కొడ్తరా?" అని అడిగింది. నా కూతురిదీ ఆ వయసే.

"కొట్టొచ్చు. ముందు నా మీద పడాలె, తర్వాతనే మీ దాంక. గాని దాసిపెట్టినమని తెలిస్తే నేనెవ్వల్ని ఆపలేను. ఆయన్ను పిలుస్త. కూసోబెట్టి మీరే చెప్పుండ్రి."

ఆమె తొడుగులు తీసి ముఖం కడుక్కుంది. "పిలువుండ్రి" అంది.

నాలుగూ పన్నెండుకు అద్దం తలుపు తోసుకుని బయటికి వచ్చాను. రేకుల మీద వాన. ఖలీల్ నన్ను చూశాడు, తర్వాత ఫోన్‌లో టైము చూశాడు.

"నాలుగున్నర గాలే గదా ఉస్తాద్" అన్నాడు.

మనసులో పేర్చుకున్న మాటలన్నీ మర్చిపోయాను. "లోపలికి రా భాయ్. డాక్టరమ్మ మాట్లాడ్తదంట" అన్నాను. షెడ్డంతా ఒక్కసారి లేచింది. వెనకవాళ్లు ముందుకు తోశారు, నా వీపు అద్దానికి తగిలింది. ఖలీల్ వెనక్కి తిరగకుండానే ఒక చెయ్యి పైకెత్తాడు. జనం ఆగారు. ఆపింది నేను కాదు.

లోపల ఆమె అతని ఎదురుగా కుర్చీలో కూర్చుని, మాట తిప్పకుండా చెప్పింది. "మీ తమ్ముడు చనిపోయిండు. మా చేతనైనంత చేసినం." ఖలీల్ లేచి ఇనప బీరువాను పిడికిలితో గుద్దాడు. రేకు లోపలికి పోయింది. ఇంకోసారి గుద్దాడు. ఆమె కుర్చీలోంచి కదలలేదు. నేను అతని చెయ్యి పట్టుకోలేదు, తలుపుకు అడ్డం నిలబడలేదు. కాసేపటికి అతను తనంతట తనే నడిచి బయటికి వెళ్లాడు. నాలుగూ యాభైకి పోలీసులు వచ్చి రాసుకోవాల్సింది రాసుకున్నారు. వాళ్ల లాఠీలు జీపులోనే ఉండిపోయాయి.

నెల తర్వాత కాంట్రాక్టు ముగిసింది. వాకీటాకీ, ఈల, లాఠీ అప్పజెప్పి రిజిస్టరులో సంతకం పెట్టాను. పొడిగిస్తామన్నారు, వద్దన్నాను. "మంచి నౌకరే గదా, ఎందుకు ఇడిసిపెట్టినవ్?" అని మా ఆవిడ అడిగితే మోకాళ్ల నొప్పులన్నాను. నిజం ఆమెకు ఇంకా చెప్పలేదు, మీకు చెబుతాను.

సాజిద్ పోయిన రోజు, డాక్టరమ్మ దగ్గర్నుంచి బయటికి వచ్చిన ఖలీల్ రెండో బెంచీ మీద కూర్చున్నాడు. చుట్టూ ఏడుపులు. అతను ఏడవలేదు. నేను తలుపు దగ్గర ఉన్నాను, ఇక చెప్పడానికేముంది అనుకుంటూ. సరిగ్గా నాలుగున్నరకు అతను తల ఎత్తి నా వైపు చూశాడు.

వెళ్లి పక్కన నిలబడ్డాను. "ఖలీల్ భాయ్, పోలీసోళ్లు వచ్చి రాసుకోవాలె. అప్పటిదాంక సిస్టర్ నీ తమ్ముని కాడనే కూసుంటది. ఒక్కణ్ని ఇడువలే" అన్నాను.

"సరే ఉస్తాద్" అన్నాడు.

ఐదింటికి, తర్వాతి రిపోర్టు కోసం, మళ్లీ తల ఎత్తాడు.