పిస్తోలుతో అక్క ఇంటికి భోజనానికి

మొన్న శనివారం మనవరాలితో కలిసి ఇక్కడ అమెరికాలో, మా ప్లేనోలో మనవాళ్ళ కూరగాయల దుకాణానికి వెళ్ళాను. ములక్కాడలు ఏరుతున్న ఒక పాతికేళ్ళ తెలుగు అబ్బాయి, ఫోనులో భార్యతో లేతవి కావాలా ముదురువైనా పరవాలేదా అని సంప్రదిస్తున్నవాడు, పై కాడ అందుకోవడానికి చెయ్యెత్తేసరికి నడుముకి వేలాడుతున్న పిస్తోలు కనిపించింది. పక్కనున్న ఆడవాళ్ళెవరూ ఉలిక్కిపడలేదు, మా మనవరాలైతే ఓసారి చూసి మళ్ళీ తన ఫోనులోకి దిగిపోయింది. నేను మాత్రం సరుకుల బండి పట్టుకుని అలాగే నిలబడిపోయాను. "తాతా, ఆర్ యూ ఓకే? వాటర్ కావాలా?" అని పిల్ల కంగారుపడింది. ఏం చెప్పను దానికి? నాకూ ఒకప్పుడు నడుముకి అలాంటిది ఉండేదంటే నవ్వుతుంది. నవ్వు రాని ఆ సంగతి మీలాంటి నా ఈడువాళ్ళకే చెప్పుకోవాలి.

అరిజోనాలో రాగి గనుల ఊరొకటి ఉండేది. మా బావ అక్కడ ఇంజనీరు. డెబ్బైల చివర్లో అక్క నన్ను స్పాన్సర్ చేసి తెచ్చుకుంది. నాకంటే ఎనిమిదేళ్ళు పెద్దది, అమ్మ మంచాన పడ్డ రోజుల్లో నాకు అన్నం కలిపి పెట్టింది అదే, అందుకని అమెరికాలో కూడా నేను సరిగ్గా తింటున్నానో లేదోనన్నదే దాని దిగులు. ఎనభైల మొదట్లో గని మూతపడి బావ ఉద్యోగం ఊడింది. మళ్ళీ ఎక్కడికని వెళ్తాం అనుకుని, హైవే పక్కన పెట్రోలు బంకుతో ఉన్న చిన్న కొట్టు ఒకటి తీసుకున్నారు. నేనూ చదువు ముగించి ఖాళీగా ఉన్నానేమో, కొట్లో చేరాను. పాల డబ్బాలూ, రొట్టెలూ, సిగరెట్లూ, ఎండకి వెలిసిపోయిన పోస్టుకార్డులూ అమ్మేవాళ్ళం. బావ గల్లా దగ్గర, నేను వెనక సర్దుళ్ళలో.

ఆ వేసవిలో ఒక మధ్యాహ్నం ఇద్దరు మనుషులు ఇనప కడ్డీతో వచ్చారు. నేను వెనక, పాలు పెట్టే చల్లటి గదిలో ఉన్నాను. బావ అరుపు విన్నాను. తలుపు సందులోంచి కడ్డీ లేవడం కూడా చూశాను. చూసి, పాల డబ్బాల వెనక కూర్చుండిపోయాను. ఎంతసేపో తెలియదు. వాళ్ళ కారు వెళ్ళిపోయిన చప్పుడయ్యాక కూడా చాలాసేపటికి గాని బయటికి రాలేదు. బావ ప్రాణం దక్కింది, కుడి మోచెయ్యి మాత్రం తర్వాతెప్పుడూ ముడవలేదు. నేనెక్కడున్నానని ఆయన అడగలేదు, అక్కా అడగలేదు. ఆ అడగకపోవడం నన్ను పుండులా సలిపింది.

మా కొట్టుకి రోజూ కాఫీకి వచ్చే పశువుల ఆసామి ఒకాయన ఉండేవాడు, డెబ్బై ఏళ్ళ తెల్లాయన, నడుముకి పిస్తోలు లేకుండా ఆయన్ని నేను చూసి ఎరగను. పిస్తోలు దాచి పెట్టుకుంటే నేరమనీ, నలుగురికీ కనబడేలా పెట్టుకుంటే ఆ రాష్ట్రంలో తప్పు కాదనీ ఆయనే చెప్పాడు. ఆయనే వెంట ఉండి కొనిపించి, ఊరి బయట గుట్టల దగ్గర కాల్చడం నేర్పించాడు. తోలు ఒర కూడా ఆయనిచ్చిందే. నా బక్క నడుముకి బెల్టు ఆగక, మేకు కాల్చి ఇంకో రెండు చిల్లులు పొడవాల్సి వచ్చింది.

అది పెట్టుకుని మొదటిసారి నలుగురిలోకి వెళ్ళింది పోస్టాఫీసుకి. కారు దిగిన దగ్గర్నుంచీ నా కుడి తొడ నాది కాదు. చెయ్యి ఊపితే దానికి తగులుతుందేమోనని కర్ర మింగినవాడిలా నడిచాను. లోపల అడుగు పెట్టగానే జనం కెవ్వుమంటారనుకున్నాను. ఎవరికీ పట్టలేదు. ఒక ముసలమ్మ మాత్రం ఈ యేడు వానలు ఆలస్యమయ్యాయంది, అవునండీ అన్నాను. కౌంటరులో మనిషి, అంతకు ముందు నా పేరు పలకలేక ప్రతిసారీ విసుక్కునేవాడు, ఆ రోజు 'సర్' అన్నాడు. నిజంగానే అన్నాడో, నాకలా వినబడిందో! స్టాంపులు కొనుక్కుని బయటికొచ్చేసరికి ఒళ్ళంతా చెమట, అయినా లోపల ఏదో పొంగు. ఎన్ని వారాల తర్వాతో భయం లేకుండా ఊపిరి పీల్చాను. అప్పట్నుంచీ నిద్రకి తప్ప ఆ బెల్టు విప్పలేదు. ధైర్యం అనుకున్నాను గాని, అది విప్పితే మళ్ళీ పాల డబ్బాల వెనక ఉంటానన్న భయమే అదంతా.

అక్కకి అది కంట్లో నలుసు. కొట్టుకి రావడం తగ్గించింది. నేను వెళ్తే వాళ్ళ పాపని వేరే గదిలోకి పంపేది, ఐదేళ్ళ పిల్ల, మామయ్యా అంటూ నడుము చుట్టేసుకునే అలవాటు దానిది. అలా ఆరు వారాలు గడిచి దీపావళి వచ్చింది. ఎల్లుండి యమ విదియ, భోజనానికి రా, ఖాళీ నడుముతో రా, అని అక్క నవ్వుతూనే ఫోన్ చేసింది.

భగినీ హస్త భోజనం మీకందరికీ తెలిసిందే. ఆ రోజు అక్కచెల్లెళ్ళ చేతి అన్నం తిన్న మగవాడికి ఆయుష్షు పెరుగుతుందని నమ్మకం. యముడంతటివాడు ఆ పూట చెల్లెలు యమున ఇంటికి భోజనానికి వెళ్ళి వరమిచ్చాడట. ఆ ఊళ్ళో మన సరుకులేవీ దొరకవు, ఫీనిక్స్ దాకా డ్రైవ్ చేసి వెళ్ళి మినప్పప్పు తెచ్చుకుని గారెలు చేసింది. పులిహోర, పరమాన్నం, బండెడంత ఉండే అమెరికా వంకాయని సన్నగా తరిగి నాకిష్టమని కారం పెట్టిన కూర. పీటల్లేవు కాబట్టి బల్ల మీదే కంచాలు పెట్టి, నన్ను తూర్పు ముఖంగా కూర్చోబెట్టి, బొట్టు పెట్టింది. నేను కొట్టునుంచి అట్నుంచటే వచ్చాను, బెల్టుతో.

"యముడు కూడా పాశం గుమ్మం బయట పెట్టి వచ్చి ఉంటాడురా. నువ్వా బెల్టు తియ్యలేవా?" అంది, గరిటె పట్టుకుని.

నవ్వేసి తీసి కార్‌లో పెట్టి వస్తే అయిపోయేది. కార్‌లో పెడితే ఎవడైనా ఎత్తుకుపోతాడన్నాను. బీరువాలో పెట్టి తాళం వెయ్యమంది. చిన్నపిల్ల ఉన్న ఇంట్లో ఒంటిమీద ఉంటేనే మంచిదని ఆసామి నేర్పిన పాఠం వల్లించాను. అక్క గరిటె దించలేదు. అప్పుడు, ఎదురుగా బావ ఎడం చేత్తో చెంచా పట్టుకుని కూర్చుని ఉండగానే, "ఆ రోజు ఇది నా దగ్గరుంటే బావ చెయ్యి ఇలా అయ్యేది కాదు," అన్నాను.

బావ తలొంచుకున్నాడు. అక్క ముఖం ఎర్రబడింది. "ఆ రోజు నువ్వు దాక్కున్నావు కాబట్టే ఈ రోజు నీకు అన్నం పెట్టుకుంటున్నానురా," అంది.

దాక్కున్నావు. అన్ని నెలలూ ఎవరూ పైకనని మాట. ఆ వాక్యంలో మిగతాదేదీ నా చెవికెక్కలేదు. కుర్చీ తోసుకుని లేచాను. ఒక్క మెతుకు ముట్టలేదు, కంచంలో పరమాన్నం ఇంకా పొగలు కక్కుతోంది. "తిని వెళ్ళరా, ఆ బెల్టు ఉంచుకునే తిను, ఏమీ అనను," అంటూ అక్క కారు దాకా వచ్చింది, ఆ గరిటె చేతిలోనే ఉంది. నేను అద్దం కూడా దించలేదు.

ఆ వారంలోనే ఆసామికి పిస్తోలూ ఒరా ఇచ్చేసి, మిషిగన్‌లో ఉన్న చదువుకున్ననాటి స్నేహితుడి దగ్గరికి వెళ్ళిపోయాను. అక్క అంతలా అడిగినా తియ్యనివాణ్ణి, అలిగి పోయేటప్పుడు ఎవరూ అడక్కుండానే తీసి పారేశాను. అంత తేలికా అది! ట్రాయ్‌లో కార్ల విడిభాగాల కంపెనీలో ఉద్యోగం దొరికింది. ఏటా యమ విదియ పొద్దున్నే అక్క ఫోన్ చేసేది. వంకాయ కూర చేశాను, వస్తున్నావా, అనేది, పక్క వీధిలో ఉన్నవాణ్ణి పిలిచినట్టు. మొదటి యేడు సెలవు లేదన్నాను. రెండో యేడు కొత్త ఇల్లన్నాను. మూడో యేడు దాని గొంతు బాగా సన్నబడింది, జలుబట. వచ్చే యేడు తప్పకుండా వస్తానన్నాను. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాను, నమ్మండి.

ఫిబ్రవరిలో బావ ఫోన్ చేశాడు. అక్కకి కడుపులో జబ్బు, ఏడాదిన్నరగా ఉందట. వాడంతట వాడు రావాలి గాని జాలిపడి రాకూడదని అక్కే నాకు చెప్పనివ్వలేదట. నేను వెళ్ళేసరికి అంతా అయిపోయింది. అక్కకి నలభై నిండలేదు. ఆ ఇంట్లో ఆ వంటగదిలో నిలబడి ఎంత ఏడ్చినా, దాక్కున్నందుకు దెప్పిన మాట కాదు, తమ్ముడు బతికున్నందుకు పొంగిపోయి అన్న మాట అది, అని చెవిలో అప్పుడు వినిపించి ఏం లాభం?

ఇప్పుడు కాలం మారింది. మా అమ్మాయి యమ విదియ నాడు ఎడిసన్‌లో ఉన్న తమ్ముడికి ఫోనులోనే గారెలూ పరమాన్నం ఆర్డర్ చేస్తుంది, అరగంటలో వాడి గుమ్మంలో ఉంటాయి, ఇద్దరూ వీడియోలో ఒకళ్ళనొకళ్ళు వెక్కిరించుకుంటూ తింటారు. ఇదేం పండగని వెనకటి వాళ్ళు మూతి విరిచినా నేను విరవను. తమ్ముడు అలిగినా అన్నం వాడి దగ్గరికి చేరుతోంది, అంతకంటే ఏం కావాలి? మా రోజుల్లో మనిషే లేచి వెళ్ళాల్సి వచ్చేది. నాకు అరవై ఎనిమిది నిండాయి, డాక్టర్లు గుండె గట్టిదంటున్నారు. అన్నదమ్ముల ఆయుష్షు కోసం ఇంత పండగ పెట్టిన మనవాళ్ళు, అక్కల ఆయుష్షు కోసం తమ్ముళ్ళు చేసేది ఒక్కటి ఎందుకు పెట్టలేదో అని ఏటా ఆ రోజు అనుకుంటాను. పెట్టి ఉన్నా, ఆ మూడేళ్ళూ నేను వెళ్ళి ఉండేవాణ్ణి కాదు.