తల ఊపిన బావ

ఉన్న ఊరిని ఫోన్‌లో పెంచి చెప్పడమనే జబ్బు నాకు ఇరవైల్లోనే తగులుకుంది. అప్పుడు నేను ఒమన్‌కు దక్షిణాన, సలాలా శివార్లలోని రైసూత్‌లో ఒక కంపెనీలో స్టోర్ కీపర్‌గా కొత్తగా చేరాను. రైసూత్ అంటే ఓడరేవు, ఫ్యాక్టరీలు, వాటి నడుమ ఇరుక్కున్న మా రూములు. కిటికీ తెరిస్తే ఎదురుగా గోడౌన్ గోడ, దాని మీద ఎప్పుడూ ఒకే పిల్లి. కానీ ఉత్తరాన సహంలో ఉన్న మా బావతో (మా అక్క మొగుడు, బిల్డింగ్ సైట్లలో కడ్డీలు వంచి కట్టే పని) మాట్లాడేటప్పుడు ఆ గోడ కొండయ్యేది, పిల్లి చిరుతపులి అయ్యేది. "కిటికీ తీత్తే జలపాతమే బావా, తుంపర్లొచ్చి కంచంల పడి పప్పుచారు పల్చగైతాంది" అనేవాణ్ణి. బావేమో "మూత పెట్టుకోరాదు" అనేవాడు.

అబద్ధాలాడే సరదాతో చేసిన పని కాదది. మా రూములో నాతో పాటు ఉన్న అయిదుగురికీ తెలుగు రాదు. హిందీలో పలకరిస్తే హిందీలో బదులిచ్చి పడుకునేవారు, పాపం మంచివాళ్లే. కానీ తెలుగులో ఒక్క తిట్టు తిని నెలలు గడిచిపోయాయి. కుక్కర్‌తో మాట్లాడటం మొదలుపెట్టాను. అది విజిల్ వేస్తే, "ఏందే, ఎదురు మాట్లాడుతున్నవ్" అని దాన్నే దబాయించిన సందర్భాలూ ఉన్నాయి. సరిగ్గా అప్పుడే సహంలో బావ కంపెనీ పని అయిపోయింది. మా ఫోర్మన్‌కేమో కడ్డీ పని తెలిసిన మనిషి కావాలి, శనివారంలోగా మాట చెప్పమన్నాడు. అడ్డల్లా అజైబా. మస్కట్‌లోని ఆ అజైబాలో ఇంకో కంపెనీ బావను పిలుస్తోంది. "ఆడ లైట్లుంటయట, పెద్ద పెద్ద దుకాన్లుంటయట. నీ ఊరు గూడ ఒకపారి సూత్త బామ్మర్దీ, మంచిగుంటే వత్త, లేకుంటే అజైబానే" అన్నాడు బావ. అంటే ఒక్క శుక్రవారంలో నేను రైసూత్‌తో మస్కట్‌ను ఓడించాలి. లేదంటే బతుకంతా కుక్కర్‌తోనే కాపురం.

బావ బస్సు దిగింది నడి ఖరీఫ్‌లో. (మన దగ్గర ఖరీఫ్ అంటే విత్తనాలు, ఎరువుల తిప్పలు. ఇక్కడ ఖరీఫ్ అంటే దేశమంతా నిప్పుల కొలిమిలా ఉంటే సలాలాలో మాత్రం మూడు నెలలు ముసురు పట్టి, కొండలు పచ్చబడే కాలం.) ఊరు చూపించడానికి నేను కుదుర్చుకున్న వాహనం రొట్టెల వ్యాను. బేకరీ నుంచి కొట్లకు ఖుబ్బూస్ రొట్టెలు వేసే మలయాళీ ఆయన్ను మేమంతా 'రొట్టె చేట్టన్' అనేవాళ్లం (మలయాళంలో చేట్టన్ అంటే అన్న). ఆయనకు శుక్రవారం సెలవు, నామీద దయ. ముందు డ్రైవర్ పక్కన ఒకటే సీటు. కాబట్టి అందులో బావ, వెనక ఖాళీ ట్రేల మధ్య నేను. నాకూ ముందు సీట్లకూ మధ్య అరచేయంత అద్దపు కిటికీ ఒకటుంది.

మొదట మగ్సైల్ బీచికి తీసుకెళ్లాను. అక్కడ రాళ్లలో రంధ్రాలుంటాయి, అల కొడితే నీళ్లు వాటిలోంచి ఆకాశానికి చిమ్ముతాయి (ఓ విమానానికి అద్దాలు కడిగాయని బావకు ముందే చెప్పి ఉంచాను). తీరా వెళ్తే రంధ్రాలు కాదుగదా, రాళ్లే కనబడలేదు. ఆ పొగమంచును కత్తితో కోసి పళ్లెంలో పెట్టొచ్చు. బావ గొడుగు పట్టుకుని నిలబడ్డాడు.

"ఏది బామ్మర్దీ, సముద్రం?"

"నీ ముందట్నే ఉన్నది బావా. ఇనబడ్తలేదా?"

"ఇనుడైతే సహంల గూడ ఇంటున్న. గీ సప్పుడు కోసం రాత్రంత బస్సుల నడుం ఇరగ్గొట్టుకోవాల్నా?"

ఇంతలో మంచులోంచి ఒక అరబ్బు కుటుంబం బయటపడింది. దుబాయి బండి పక్కన చాప పరుచుకుని, గొడుగూ గిడుగూ లేకుండా హాయిగా తడుస్తూ చాయ్ తాగుతున్నారు. బావ నోరు తెరిచాడు.

"వీళ్లకు ఇండ్లు లేవారా?"

"సూసెటందుకు వచ్చిన్రు బావా."

"ఏం సూసెటందుకు?"

"ముసురునే."

బావ గొడుగు ముడిచాడు. "మనూర్ల ముసురు పడ్తే బర్లు గూడ కొట్టం దాటయి. నేను మల్ల దిగ. ఏమున్నా బండ్లకెల్లే సూపియ్యి" అని పోయి సీట్లో కూర్చుని, కిటికీ అద్దం దించి, మోచెయ్యి బయటపెట్టాడు. నా గుండె జారి రొట్టెల ట్రేలో పడింది.

కానీ బండి కదిలి కొబ్బరితోటల వైపు తిరిగాక అద్దంలోంచి చూస్తే, బావ తల మెల్లగా కిందికీ పైకీ ఊగుతోంది. ఒప్పుకుంటున్నాడు! నాలో ఊపిరి పోసుకున్న ఉత్సాహం అంతా ఇంతా కాదు. "ఇవి కొబ్బరిచెట్లు బావా! ఎంత ఎత్తంటే, కాయ కోసెటోడు ఎక్కేటప్పుడు పెండ్లి కాని పిలగాడు, దిగేటప్పటికి తాత!" అని అరిచాను. తల ఊగింది. దర్బాత్ లోయ దగ్గర (లోయ ఉందని చేట్టన్ చెబితేనే నమ్మాను) "ఈడ జలపాతమున్నది, నీళ్లు కింద పడెటందుకే ఒక పూట పడ్తది!" అన్నాను. తల ఇంకా లోతుగా ఊగింది. ఒంటె ఒకటి రోడ్డుకు అడ్డంగా నిలబడి కదలకపోతే, అది ఇక్కడి సర్పంచి లాంటిదనీ మనల్ని పలకరించడానికే వచ్చిందనీ చెప్పాను. దానికీ ఊపాడు. మీర్బాత్ దారిలో, బండిని న్యూట్రల్‌లో పెడితే దానంతటదే ఎత్తుకు ఎక్కే చోటొకటుంది. చేట్టన్ న్యూట్రల్‌లో పెట్టాడు, బండి కదిలింది. కానీ ఆ మంచులో ఎత్తేదో పల్లమేదో కనబడితే గదా ఆశ్చర్యపోవడానికి! "ఎక్కుతాంది బావా, ఎక్కుతాంది!" అని వెనక నుంచి నేనే ఆశ్చర్యపోయాను. తల రెండుసార్లు ఊగింది. అజైబా ఓడిపోయిందని నిశ్చయించుకున్నాను.

సాయంత్రం ఇత్తీన్ కొండ కింద చాయ్ బండి దగ్గర ఆగాం. గెలిచినవాడిలా దిగి, ముందు తలుపు తీసి, "ఎట్లున్నది బావా మా ఊరు?" అన్నాను. చేట్టన్ నోటి మీద వేలు పెట్టుకున్నాడు. "ధీరే బోలో భాయ్. యే తో సుబా సే సో రహా హై."

పొద్దుట్నుంచీ నిద్రేనట! ఊగిన తల ఒప్పుకుని ఊగలేదు, తూగి ఊగింది. తెరిచిన కిటికీలోంచి తుంపర పడి చొక్కా తడిసింది, మీసాల మీద ముత్యాలు నిలిచాయి, నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది. చాయ్ కప్పు తెచ్చి బావ ముందు పట్టుకున్నాను. రాత్రి బస్సుకు బావ వెళ్లిపోతాడు, నాకు మళ్లీ గోడ, పిల్లి, కుక్కర్.

చాయ్ వాసనకు కళ్లు తెరిచాడు. "ఏ ఊర్రా ఇది?"

"మనదే. ఏమన్న సూసినవా నువ్వు? నేను నోరు పోయేటట్టు ఒర్రుతుంటే..."

బావ తువ్వాలతో మొహం తుడుచుకుని, కప్పు అందుకున్నాడు. "సహంల గీ కాలంల కంటిమీద కునుకు ఉండదురా. పొద్దంత కడ్డీలు కాలుతయి, రాత్రంత గోడలు కాలుతయి. రూముల ఏసీ ఉంటది గని, అది మనకంటె ఎక్కువ మూలుగుతది." ఒక గుక్క తాగాడు. "మీ ఫోర్మన్‌కు చెప్పు, వత్తున్ననని."

"నీకేం నచ్చింది బావా?"

"నీ ఊర్ల ఏమున్నదిరా నచ్చెటందుకు? ఏం లేదు. ఏం లేని కాడ నిద్ర మంచిగ పడ్తది." నవ్వాడు. "నువ్వు ఎనకకెల్లి ఒకటే లొల్లి వెడుతుంటే, మీ అక్క పక్కపొంటి ఉన్నట్టే ఉండె. గందుకే గట్టిగ పట్టింది."

వచ్చేశాడు. ఆ తర్వాత మా రూములో తెలుగు తిట్లకు కరువు లేదు. కుక్కర్ నోరు మూసుకుంది.

బావ పోయినేడు పని చాలించి జగిత్యాలకు వెళ్లిపోయాడు. నేనింకా ఇక్కడే ఉన్నాను. పొట్ట వచ్చింది, కళ్లజోడు వచ్చింది, జబ్బు మాత్రం తగ్గలేదు. ముసురు పట్టిన శుక్రవారం మధ్యాహ్నం ఫోన్ వస్తుంది: "పడ్తాందిరా?" నేను ఫోన్‌ను కిటికీలో పెట్టి, రేకుల మీంచి కారే చినుకులు వినిపించి, కొండల సంగతి మొదలుపెడతాను. కాసేపటికి అటు నుంచి గురక వస్తుంది. రొట్టెల ట్రేల మధ్య కూర్చుని, నిద్రపోయే మనిషికి గొంతు చించుకుని ఊరు చూపించిన ఆ వెర్రిబాగులవాడు గుర్తొచ్చి నవ్వుకుంటాను. ఫోన్ మాత్రం కట్ చేయను. ఇంకాసేపు చెబుతూనే ఉంటాను. జలపాతం ఇంకొంచెం ఎత్తు పెరుగుతుంది.