రెండు చేతుల సైగ

పోశమ్మకు చదువు రాదు. కానీ ఏ దేశంలో ఏం తింటారో, ఎలా పెళ్లాడతారో అడిగితే సూరత్‌లోని ఆ ఉధ్నా గల్లీలో ఆమె తర్వాతే ఎవరైనా. ఫోన్‌లో మైకు బొమ్మ మీద వేలు పెట్టి, ఎదురుగా మనిషి కూర్చున్నట్టే గట్టిగా అడిగేది. ఆ ఫోన్ ఒకటి అడిగితే పది చూపించేది. ఆమె పదీ చూసేది.

ఈ పిచ్చి పట్టించింది మొగుడే. లక్ష్మీరాజం మగ్గాల మేస్త్రీ. పెళ్లయిన కొత్తలో సిరిసిల్ల నుంచి భార్యను వెంటబెట్టుకుని సూరత్ వచ్చి, ఇరవై ఏళ్లకు పైగా పవర్‌లూమ్‌ల మధ్యే బతికాడు. అదే షెడ్డులో పోశమ్మ కండెలు చుట్టేది. నూట ఇరవై మగ్గాలు ఒక్కసారిగా ఆడుతుంటే చెవిలో నోరు పెట్టి అరిచినా వినపడదు. అందుకని అక్కడివాళ్లు పెదవులు చూసి మాట అందుకుంటారు, చేతులతో జవాబు చెబుతారు. అరచెయ్యి బల్లపరుపుగా దించితే మగ్గం ఆపమని. బొటనవేలు, చూపుడువేలు కలిపి చటుక్కున విడదీస్తే పోగు తెగిందని. కుడిచెయ్యి ఏమైందో చెబుతుంటే ఎడమచెయ్యి ఎక్కడో చూపించాలి. కొత్తగా చేరినవాళ్లు ఆ రెండో చెయ్యి మరిచిపోయి తిట్లు తినేవాళ్లు. మొగుడూ పెళ్లాల సరసం కూడా ఆ చప్పుడులోనే, ఆ సైగల్లోనే నడిచిందని పక్కింటి లలితమ్మ ఏడిపిస్తే పోశమ్మ కాదనేది కాదు. చివరికి ఆ చప్పుడు లక్ష్మీరాజం చెవుల్ని సగానికి పైగా తినేసింది. ఇంట్లో కూడా ఆయన మనుషుల కళ్లు కాదు, పెదవులు చూసేవాడు.

2015లో ఒక ఏజెంటు ఆయనను ఇథియోపియాలో బట్టల మిల్లుకు పంపించాడు. కూతురు సంధ్య అప్పుడు పదో తరగతి. వెళ్లిన మూడో రోజే ఫోన్ చేసి, ఇక్కడ గడియారం తలకిందులుగా ఉందన్నాడు. పొద్దున ఒంటిగంటకు పనిలోకి రమ్మంటే మధ్యాహ్నం భోజనం చేసి తీరిగ్గా వెళ్లాడట. వాళ్లకు సూర్యుడు లేచాకే లెక్క మొదలవుతుంది, మన ఏడు వాళ్లకు ఒకటి. ఏడాదికి పదమూడు నెలలు. సంవత్సరం లెక్క కూడా మనకంటే ఏడెనిమిదేళ్లు వెనక. "ఇక్కడ నేను ఎనిమిదేండ్లు చిన్నోణ్ణి, నువ్వే ముసలిదానివైతున్నవ్" అని నవ్వాడు. తోటివాళ్లు ముద్ద కలిపి పక్కవాడి నోట్లో పెడతారట, వద్దంటే చిన్నబుచ్చుకుంటారట.

ఆయన చెప్పిన ప్రతి మాటనూ పోశమ్మ ఫోన్‌ను అడిగి నిజమో కాదో తేల్చుకునేది. ఇంటి దగ్గర చీరల మీద దారాలు కత్తిరించే పని తెచ్చుకుని, పక్కన కూర్చున్న ఆడవాళ్లకు అక్కడివాళ్లు తినే చాటంత పుల్లట్లు, పదమూడో నెల చూపించేది. మొగుణ్ణి అయిదేళ్లు అలా చూసుకుంది. ఆయనకు మాత్రం ఈమె మాట వినపడేది కాదు. తెర మీద బొమ్మ ఆగి ఆగి కదిలేది, పెదవులు అందేవి కావు. అందుకని చెప్పడమంతా ఆయనదే. ప్రతి ఫోన్ చివరా, వచ్చాక డుమస్ తీసుకెళ్లి సముద్రం దగ్గర టమాటా భజియా తినిపిస్తానని మాటిచ్చేవాడు.

2020 మార్చిలో సెలవు మీద వచ్చాడు. ఆయన దిగిన వారానికి విమానాలు ఆగిపోయాయి. కార్పొరేషన్ వాళ్లు తలుపు మీద కాగితం అంటించి పద్నాలుగు రోజులు బయటికి రావద్దన్నారు. గల్లీ అంతా ఆ తలుపును చూసి అవతలి పక్కనుంచి నడిచేది. లలితమ్మ పాలప్యాకెట్ కర్రతో తోసేది.

అప్పుడు మొదలైంది పోశమ్మకు భయం. అన్నం పెట్టనా అని అడిగితే లక్ష్మీరాజం కనుబొమలు ఎత్తి, నోరు కొద్దిగా తెరిచి, గబుక్కున ఊపిరి లోపలికి లాగాడు. నీళ్లు కావాలా అంటే మళ్లీ లాగాడు. నీళ్లలో మునిగినవాడు పైకి తేలి పీల్చుకున్నట్టుంది ఆ చప్పుడు. టీవీలో రోజంతా చెబుతున్నది అదే కదా, ఊపిరి అందదని. ఆయన నిద్రపోతుంటే ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసింది. నిద్రలో హాయిగానే ఉన్నాడు. లేచి పలకరిస్తే మళ్లీ అదే. రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. చెబితే బండి వస్తుంది, తీసుకుపోతారు, తీసుకుపోయినవాళ్లు తిరిగి రావడం గల్లీలో ఇంకా ఎవరూ చూడలేదు.

పల్చటి గోడ అవతల లలితమ్మ మాత్రం విననే విన్నది. తెల్లగౌన్ల వాళ్లను ఆమే పిలిపించింది. వాళ్లు జ్వరం చూశారు, వేలికి క్లిప్పు పెట్టారు, ఆక్సిజన్ తొంభై ఎనిమిదన్నారు, విసుక్కుని వెళ్లిపోయారు. అయినా పోశమ్మకు నమ్మకం కుదరలేదు. మధ్యాహ్నం వంటగదిలో కూర్చుని ఫోన్‌ను అడిగింది, ఇథియోపియా పోయొచ్చినోళ్లు ఎందుకు దమ్ము గిట్ల లోపలికి గుంజుతరని.

ఫోన్ ఒక వీడియో చూపించింది. కాఫీ అమ్మే ఒకామెను ఎవరో ఏదో అడుగుతున్నారు. ఆమె కనుబొమలు ఎత్తి, గబుక్కున ఊపిరి లాగింది. కింద రాసి ఉన్నది సంధ్య చదివి పెట్టింది. ఆ దేశంలో చాలామంది అవును అనడానికి బదులు అలా ఊపిరి పీలుస్తారట. పోశమ్మ ఆ వీడియోను పదిసార్లు చూసి, మొదట ఏడ్చి, తర్వాత పొట్ట పట్టుకుని నవ్వింది. లక్ష్మీరాజాన్ని అడిగితే ఆయనా ఆశ్చర్యపోయాడు. అలా చేస్తున్నానని ఆయనకే తెలియదు. వాళ్ల భాష ఆయన పెదవుల మీద చదవలేకపోయాడు. ఆ ఒక్క మాటే చెవులతో పని లేకుండా ముఖం మీద కనిపించేది. అందుకే అది ఆయనకు అంటుకుంది. లలితమ్మకు చూపిస్తే నమ్మలేదు. నెలరోజులు వాకిట్లోకి రాలేదు.

మిల్లు నుంచి మళ్లీ పిలుపు రాలేదు. లక్ష్మీరాజం ఉధ్నాలోనే పాత షెడ్డులో చేరాడు. మాస్కులు వచ్చాక లోకమంతా నోరు మూసేసుకున్నట్టయింది ఆయనకు. కిరాణా కొట్లో, బస్సులో ఎవరేమన్నా బిక్కముఖం వేసుకుని చూసేవాడు. పోశమ్మ వెంట ఉంటే మాస్కు కిందికి లాగి చెప్పేది, పోలీసులు కేకలేసేవాళ్లు. ఆయన ఒక్కడే బయటికి వెళితే తిరిగొచ్చేదాకా ఆమెకు పని మీద మనసు ఉండేది కాదు.

2021 ఏప్రిల్‌లో ఆయనకు జ్వరం వచ్చింది. నాలుగో రోజు పోశమ్మ పిలిస్తే లక్ష్మీరాజం ఊపిరి లాగాడు. ఈసారి కనుబొమలు లేవలేదు. వేలికి క్లిప్పు పెడితే ఎనభై ఆరు. సంధ్య ఇంటి నుంచి బిల్లులు కొట్టే ఉద్యోగం పక్కన పడేసి, గుజరాతీలో, హిందీలో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఫోన్లు చేసి ఒక మంచం సంపాదించింది. ఊరి చివర ఒక ఫంక్షన్ హాలును ఆసుపత్రి చేశారు. వెంట ఎవరినీ రానివ్వలేదు. గేటు దగ్గరే దింపుకున్నారు. ఆయనకు సరిగ్గా వినపడదని సంధ్య ముగ్గురికి చెప్పింది. ముగ్గురూ తలూపారు. వాళ్లకు ఆ రోజు ఎంతమంది ఏమేం చెప్పారో.

రోజుకోసారి మధ్యాహ్నం వార్డు నుంచి వీడియో ఫోన్ వచ్చేది. పొద్దున లేచిన దగ్గర్నుంచి పోశమ్మ దానికోసమే కూర్చునేది. చేతిలో కత్తెర ఉండేది గానీ ఒక్క దారమూ తెగేది కాదు. గల్లీలోంచి అంబులెన్సు వెళితే చెవులు మూసుకునేది. ఫోన్ మోగితే తీయడానికి భయం, మోగకపోతే ఇంకా భయం. మొదటి రోజు ఎనభై తొమ్మిది. రెండో రోజు తొంభై. మూడో రోజు నర్సమ్మ గొంతు మారింది. ఉదయం నుంచి ఎనభై ఒకటికి పడిపోయిందని, రాత్రికి ఊపిరి మిషన్ మీదకు మార్చాల్సి రావచ్చని, మనిషి కూడా తికమక పడుతున్నాడని, పడుకోమంటే లేచి చేతులు ఆడిస్తున్నాడని చెప్పింది. ఫోన్ ఆయన వైపు తిప్పింది.

ముఖమంతా ఆక్సిజన్ మాస్కే. దాని పైన రెండు కళ్లు. తెల్లగౌన్ల మధ్య ఒక్క పెదవీ కనపడక ఆ కళ్లు బెదిరిపోయి ఉన్నాయి. తెరలో పోశమ్మ కనపడగానే ఆయన కుడిచెయ్యి ఎత్తాడు. బొటనవేలు, చూపుడువేలు కలిపి విడదీశాడు. మళ్లీ కలిపి విడదీశాడు.

నర్సమ్మ గుజరాతీలో గబగబా ఏదో అని ఫోన్ తనవైపు తిప్పుకుంది. సంధ్య ముఖం చిన్నబోయింది.

"తంబాకు అడుగుతున్నడని అనుకుంటున్నరు అమ్మా. పొద్దటి సంది గిదే అడుగుడట."

ఫోన్ ఆగిపోయింది. పోశమ్మ గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయింది. ఆ సైగ పొగాకు కోసం కాదని ఆమెకు ఒక్కదానికే తెలుసు. పోగు తెగిందంటున్నాడు. అయిపోయిందని, ఇక తనవల్ల కాదని, తమ ఇద్దరి భాషలో చెప్పి పోతున్నాడు. అలాగే అర్థం చేసుకుంది పోశమ్మ. గుండెలు బాదుకుని ఏడ్చింది. సంధ్యకు చెబితే అదీ తల్లి ఒళ్లో తల పెట్టుకుని ఏడ్చింది. పక్కింటి లలితమ్మ గడపలోకి వచ్చి, ఏడాది తర్వాత మొదటిసారి లోపలికి అడుగుపెట్టి, సంధ్య వీపు మీద చెయ్యి వేసింది.

ఏడుస్తూనే పోశమ్మకు తన మీద తనకే ఒళ్లు మండింది. ఇరవై ఏళ్లు మేస్త్రీగా చేసినవాడు. షెడ్డులో పోగు తెగిందని ఎవరూ బాధ చెప్పుకోవడానికి సైగ చేయరు. వచ్చి సరిచేయమని చేస్తారు. పైగా రెండో చెయ్యి లేకుండా సైగ చేసిన కుర్రాళ్లను ఈ మనిషే కదా తిట్టేది. ఆమె కళ్లు తుడుచుకుంది. తెరలో చూసినదాన్ని మళ్లీ కళ్ల ముందుకు తెచ్చుకుంది.

"సంధ్యా, మీ బాపు ఎడమచెయ్యి ఎటుండె?"

సంధ్య ఆలోచించింది. తల వెనకాలకు పెట్టుకున్నాడంది. నొప్పికి పట్టుకున్నాడనుకుందట.

"నొప్పి కాదు బిడ్డా. గక్కడ ఏందో ఊడింది. జల్ది ఫోన్ కొట్టు."

వార్డు ఫోన్ మోగి మోగి ఆగింది. రెండోసారీ అంతే. మూడోసారి ఎవరో తీసి మాట్లాడకుండానే పెట్టేశారు. ఒక్కో మోతకూ పోశమ్మకు అక్కడి మనిషి ఒక్కో ఊపిరి తరిగిపోతున్నట్టే ఉంది. దేవుళ్ల పేర్లు ఒక్కటీ నోటికి రాలేదు. ఐదోసారి అదే నర్సమ్మ తీసింది. సంధ్య మొదలుపెట్టేలోగా పోశమ్మ ఫోన్ లాక్కుని, ఇన్నేళ్ల సూరత్ కాపురంలో నేర్చిన గుజరాతీ, హిందీ కలగలిపి, మంచం వెనక గొట్టం చూడమని, ఆయన మిషన్ల మేస్త్రీ అని, పిచ్చివాడు కాదని చెప్పింది. నర్సమ్మ విసుక్కుంది. పోశమ్మ వదల్లేదు. ఒక్కసారి వంగి చూడు బేన్, చెల్లెలివనుకుంటా, నీ కాళ్లు మొక్కుతా, ఏమీ లేకపోతే మళ్లీ ఫోన్ చెయ్యనంది.

అవతల చెప్పుల చప్పుడు దూరమైంది. ఫోన్ ఎక్కడో బల్ల మీద పెట్టినట్టున్నారు. ఎవరో దగ్గుతున్నారు, ఎవరో నీళ్లు అడుగుతున్నారు. అంతసేపూ పోశమ్మ తన ఊపిరి కూడా బిగబట్టి కూర్చుంది. తిరిగి వచ్చిన నర్సమ్మ గొంతులో విసుగు లేదు. గోడ దగ్గర గొట్టం అతుకు వదులై గాలి సగం బయటికే పోతోందట. బిగించారట. ఆక్సిజన్ వచ్చే దారిలోని నీళ్ల సీసాలో బుడగలు తగ్గిపోవడం పొద్దున్నుంచి ఆయన చూస్తూనే ఉన్నాడు. చూసిన ప్రతివాళ్లకూ చెబుతూనే ఉన్నాడు. సాయంత్రానికి ఎనభై తొమ్మిది అయింది.

గండం గడిచిందని ఎవరూ అనలేదు. వీడియోలో పక్క మంచం మీద నిన్నటిదాకా కనిపించిన ముసలాయన ఇవాళ లేడని సంధ్య గమనించి తల్లికి చెప్పలేదు. పోశమ్మ కూడా గమనించి కూతురికి చెప్పలేదు.

మరునాడు మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. నర్సమ్మ తనే నవ్వుతూ ఆయన వైపు తిప్పింది. లక్ష్మీరాజం దిండుకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. పోశమ్మ తెరకు దగ్గరగా జరిగి, ఫోన్‌ను కదలకుండా గోడకు ఆనించి, ఒక్కొక్క మాటా విడదీసి పెదవులు కదిలించింది.

"ఇంటికొచ్చినంక నన్ను డుమస్ తీస్కపోతవా?"

బొమ్మ ఆగింది, కదిలింది. లక్ష్మీరాజం ఆమె పెదవుల వైపే చూస్తున్నాడు. మాస్కు లోపల నోరు కొద్దిగా తెరుచుకుంది. ఎద ఒక్కసారి పైకి లేచి, గబుక్కున ఊపిరి లోపలికి పోయింది. సంధ్య బెదిరిపోయి, బాపుకు దమ్మొస్తున్నదని నర్సమ్మను పిలవబోయింది.

పోశమ్మ కూతురి చెయ్యి పట్టి ఆపింది. ఆమె చూస్తున్నది ఆ ఊపిరిని కాదు. మాస్కు పైన, సగమే అయినా, కనుబొమలు లేచాయి.

"భయపడకు బిడ్డా. మీ బాపు అవునంటున్నడు."