పసుపు పెట్టిన స్కోప్

నా మొదటి రైఫిల్‌కు గురి చూసే స్కోప్ కొనే ముందు నాకు తెలిసిన సూత్రం ఒక్కటే: ఎంత పెద్దదైతే అంత మంచిది. టీవీ కొన్నా ఫ్రిజ్ కొన్నా ఆ లెక్కనే కొన్నాను. ఇరవై నాలుగు రెట్లు దగ్గరగా చూపించే స్కోప్ ఒకటి ఫోన్‌లో చూసి మనసు పారేసుకున్నాను. మా వంటింట్లో అప్పడాల కర్ర కంటే లావుగా ఉంది దాని గొట్టం.

ఆ ఫొటో చూసి పెదవి విరిచిన మనిషి డెబ్భై దాటిన ఒక గొర్రెల రైతు. ఆయన పొలం బాలరాట్ ఊరి అవతల. నేను ఎలక్ట్రీషియన్‌ని. వాళ్ల షెడ్డు మీద సోలార్ ప్యానెళ్లు బిగించడానికి మేముండే పాయింట్ కుక్ నుంచి వెళ్లినప్పుడు పరిచయమయ్యాడు. గొర్రెలు ఈనే కాలం అది. రాత్రి నక్క కొరికి వదిలేసిన పిల్ల ఒకటి కంచె పక్కన ఇంకా ఊపిరి తీస్తూ ఉండటం నేను చూశాను. ఆ తర్వాతే లైసెన్సు, తుపాకీ దాచే ఇనప బీరువా, రైఫిల్. ఆయన తన పొలంలోకి నన్ను రానిస్తూ ఒకే షరతు పెట్టాడు. ఏ జంతువూ గాయంతో తిరగకూడదు, నక్కయినా సరే. ఒక్క దెబ్బతో ప్రాణం పోతుందన్న నమ్మకం లేకపోతే కాల్చనే కూడదు.

"అంత పెద్ద స్కోప్‌లో నక్క మీసాలు కనబడతాయి గానీ నక్క ఎక్కడుందో కనబడదు" అని నవ్వాడు. మూడు నుంచి తొమ్మిది రెట్ల దాకా చూపించే సాదా స్కోప్ ఒకటి కొనిపించాడు. మసక వెలుతురులో చక్కగా కనబడుతుందట, ఏళ్ల తరబడి వాడినా చెదరదట. నేను కొంచెం చిన్నబుచ్చుకున్న మాట నిజం.

బిగించడం గురించి మాత్రం ఆయన నవ్వకుండా చెప్పాడు. స్కోప్‌ను రైఫిల్ మీద పట్టి ఉంచేవి రెండు రింగులు. వాటి లోపలి వంపునూ స్క్రూలనూ స్పిరిట్‌తో తుడిచి, పొడిగా ఉన్నప్పుడే బిగించాలి. జిడ్డు మిగిలితే కాల్చినప్పుడల్లా స్కోప్ వెంట్రుకవాసి జారుతుంది. ఆ వెంట్రుకవాసి తేడా దూరాన నాలుగు వేళ్లవుతుంది. నేను బుద్ధిగా తలూపాను.

గురువారం పార్సిల్ వచ్చింది. శుక్రవారం పొద్దున స్నానం చేసి వచ్చేసరికి స్కోప్ దేవుడి ముందు పీట మీద ఉంది. పసుపు, కుంకుమ, రెండు చామంతులు. పక్కన పళ్లెంలో రింగులూ స్క్రూలూ కొబ్బరినూనెతో నిగనిగలాడుతున్నాయి. ఇదంతా మా అత్తగారి పని. రాజమండ్రి నుంచి ఈ దేశానికి ఆరు నెలలు ఉండి వెళ్దామని వచ్చారు. ముప్ఫై ఏళ్లు కుట్టుమిషన్ మీద సంసారం ఈదిన మనిషి. ఆవిడ లెక్కలో మర అన్నదానికి నూనె చుక్క పడకపోతే అది మరే కాదు.

"అద్దాలకి తగలనివ్వలేదండి బాబుగారూ. మరలన్నిటికీ వేలితో రాసేను, ఆ రింగుల లోపల కూడానూ. ఇంక తుప్పన్న మాటుండదండి" అన్నారు.

రైతు చెప్పిన మాట నా నాలుక చివరి దాకా వచ్చింది. కానీ ఆవిడ మొహం చూశాను. ఈ ఇంట్లో డిష్‌వాషర్ ఆవిడ మాట వినదు, పొయ్యి వినదు, బయటి గేటు కూడా వినదు. ఇన్నాళ్లకు చేతికి తెలిసిన పని ఒకటి దొరికి ఆవిడ వెలిగిపోతున్నారు. "చాలా బాగా చేశారత్తయ్యగారూ" అన్నాను. పూజ చేసిన పసుపును ఆవిడ కళ్ల ముందే స్పిరిట్ పెట్టి తుడవడానికి నాకు చేతులు రాలేదు.

చాటుగా తుడుద్దామనుకున్నాను. గరాజ్‌లో రైఫిల్ ముందు కూర్చుంటే ఆవిడ కుర్చీ తెచ్చుకుని నా పక్కనే కూర్చున్నారు. స్కోప్ లోపలి గీత నిలువుగా ఉందో లేదో చూసుకోవడానికి వేలాడే దారం కావాలంటే, తానే దారానికి కత్తెర కట్టి పట్టుకున్నారు. చెయ్యి ఎంత నిలకడగా ఉందో! నేను రింగులను పొడిబట్టతో పైపైన ఒత్తి, సరిపడా బిగువు రాగానే టిక్కుమనే చిన్న స్క్రూడ్రైవర్‌తో బిగించేశాను.

గురి సరిచేసుకోవడానికి వెళ్లిన షూటింగ్ క్లబ్బులో మొదటి ఐదు తూటాలూ అగ్గిపెట్టె అంత చోటులో పడ్డాయి. ముసలాయనది చాదస్తమనుకున్నాను. ఆ ఉత్సాహంలో మరో ముప్ఫై కాల్చి, చివర్లో గురి మళ్లీ సరిచూసుకోకుండానే సర్దేసుకుని ఇంటికొచ్చాను.

మరుసటి ఆదివారం తెల్లవారుతుండగా పొలంలో గట్టు వెనక పడుకుని ఉన్నాను. గడ్డి మీద మంచు పేరుకుంది. ఎనభై మీటర్ల దూరంలో నక్క కంచె కిందనుంచి వచ్చి, తలెత్తి నిలబడింది. స్కోప్‌లో చాలా స్పష్టంగా ఉంది. గీతలు కలిసేచోట దాని భుజం వెనకభాగం ఉంచి, ఊపిరి బిగబట్టి కాల్చాను. నక్క గిర్రున తిరిగి, వెనక కాలు ఈడ్చుకుంటూ వాగు వైపు పరుగెత్తింది.

రైతుకు ఫోన్ చేశాను. ఆయన తన యూట్ ట్రక్కు వేసుకుని వచ్చాడు. తిట్టలేదు. మంచు మీది ఎర్రటి చుక్కలు చూసుకుంటూ ఇద్దరం వాగు వెంట నడిచాం. పొదలు, ముళ్లు, మళ్లీ పొదలు. నాకు ఏడుపొచ్చింది, ఆయన చూడకుండా తుడుచుకున్నాను. చివరికి పడిపోయిన చెట్టు మొద్దు కింద దొరికింది. అది మమ్మల్ని చూసింది, కదల్లేకపోయింది. ఆయన తన రైఫిల్‌తో పని ముగించాడు.

షెడ్డు దగ్గర కాగితం పెట్టి కాల్పించాడు. గురి నాలుగు వేళ్లు కిందకీ పక్కకీ పోయింది. రింగు విప్పి వేలు పెట్టి చూశాడు. వేలు పచ్చగా, జిడ్డుగా వచ్చింది. ఈ నూనె ఎవరు రాశారని అడిగితే నేనేనన్నాను. "ఈ ఏడాదికి ఇక రావద్దు" అన్నాడు. గేటు దాకా వచ్చి సాగనంపాడు కూడా. అదే నాకు ఎక్కువ కష్టమనిపించింది.

మధ్యాహ్నం గరాజ్‌లో రింగులు విప్పి ముందు పెట్టుకుని కూర్చున్నాను. అత్తగారు టీ తెచ్చి, పచ్చటి మరకలున్న గుడ్డ చూసి ఏమైందని అడిగారు. ఇంక దాచలేదు. మొదటి రోజు రైతు నాకు చెప్పిన మాట దగ్గర నుంచి మొత్తం చెప్పాను. ఆవిడ టీ కప్పు బల్ల మీద పెట్టారు.

"ఎంతసేపు కుంటిందండి అది?"

"గంట దాకా."

ఆవిడ ఒక రింగు చేతిలోకి తీసుకున్నారు.

"నాతో ఒక్క మాటంటే నేనే తుడిచేద్దును కదండీ బాబుగారూ" అన్నారు. "మొహమాటం మీది, నొప్పి దానిదీనా?"