నిద్రలో మా ఆవిడ తరిమింది ఎవరిని?

దయ్యాలూ భూతాలూ నేనెప్పుడూ నమ్మలేదు. రావులపాలెంలో స్టీలు సామాన్ల కొట్టు నాది. కొట్టు వెనక గదిలో గిన్నెలు వాటంతటవే దొర్లినా ఎలకేలే అనుకునే మనిషిని. ఇది మాత్రం ఎలక కాదు.

మా బావమరిది చంటికి రక్త క్యాన్సర్ వస్తే హైదరాబాదులో మూలకణాల మార్పిడి చేశారు. కణాలిచ్చింది వాళ్ళక్క, అంటే మా ఆవిడ రత్నం. చంక దింపకుండా పెంచిన తమ్ముడు. అంతా బాగుందనుకునేలోపు వాడి ఒంట్లో ఏదో వైరస్ తిరగబడింది. మందులు వేస్తే కిడ్నీలు దెబ్బతింటున్నాయి, ఆపితే వైరస్ పెరుగుతోంది. వాడు మాకిక దక్కడేమోనని హడలిపోయాం.

డాక్టరుగారు ఇంకో దారి చెప్పారు. ఈ వైరస్ చాలామందికి చిన్నప్పుడే సోకుతుందట. రత్నానికీ సోకిందట, అందుకే ఆవిడ రక్తంలో దాన్ని గుర్తుపట్టి తరిమే కణాలున్నాయట. వాటిని ఏరి చంటికి ఎక్కిస్తామన్నారు. తరమడంలో మా ఆవిడ సామర్థ్యం మీద నాకే అనుమానమూ లేదు. చందాలవాళ్ళు మా గుమ్మం వదిలేసి పక్కింటికి పోతారు.

రక్తం ఇచ్చి ఇంటికొచ్చేశాం. మర్నాడు మధ్యాహ్నం కొట్టు కట్టేసి, భోంచేసి, మంచం మీద కూర్చున్నాను. పక్కన నిద్రపోతున్న రత్నం, కళ్ళు తెరవకుండానే గట్టిగా అరిచింది.

"ఎవడ్రా నువ్వు? అడక్కుండా లోపలికొచ్చి కూర్చుంటావా? లెగు! ముందు బయటికి నడు!"

నన్నేననుకుని లేచి వరండాలోకి వెళ్ళిపోయాను. అప్పుడే చంటి భార్య ఫోన్ చేసింది. "అన్నయ్యగారూ, ఇప్పుడే వదినగారి కణాలు ఎక్కించారండి. ఇంత చిన్న సిరంజీయేనండి!"

లేచాక అడిగితే రత్నానికి ఏమీ గుర్తులేదు. పైగా, నిద్రలో మాట్లాడేది మీరేనంది.

ఆ రోజు నుంచి మధ్యాహ్నమైతే అదే తంతు. ఆవిడ ఎంత ఎక్కువ తిడితే చంటికి జ్వరం అంత దిగేది. ఏదో కలిసొచ్చిందిలే అని సరిపెట్టుకున్నాను. ఒకరోజు మాత్రం రత్నం నోరు మెదపలేదు. గోడవైపు తిరిగి హాయిగా పడుకుంది. ముప్పై ఏళ్ళ కాపురంలో "తిట్టవే తల్లీ" అని నేను మొక్కుకున్నది ఆ ఒక్కరోజే. హైదరాబాదుకి ఫోన్ చేసే ధైర్యం లేక కొట్టుకి వెళ్ళి కూర్చున్నాను.

సాయంత్రం చంటే చేశాడు. "బావగారూ, రిపోర్టులో వైరస్ లేదన్నారండి!"

కౌంటర్ దగ్గరే భోరుమన్నాను. కుక్కరు బేరమాడుతున్న ఆవిడ కంగారుపడి, నేను చెప్పిన ధర ఇచ్చేసి వెళ్ళిపోయింది.

తర్వాత ఇదంతా చెబితే డాక్టరుగారు నవ్వేశారు. కణాలు వాటి పని అవి చేశాయి, అంతేనండీ అన్నారు. నేనూ ఆయన వైపే. అయినా ఇక్కడ ఆవిడ నోరెందుకు లేచిందో, అక్కడ వైరస్ పోయాకే ఎందుకు ఆగిందో నాకు ఇప్పటికీ అంతుబట్టలేదు.

మొన్న చంటిని చెకప్‌కి తీసుకెళ్ళాం. డాక్టరుగారు రిపోర్టులన్నీ చూసి బాగున్నాయన్నారు. బయటికొస్తుంటే నన్నొక్కణ్ణే వెనక్కి పిలిచి, తలుపు దగ్గరికేసి, గొంతు తగ్గించారు.

"మేడంగారు మధ్యాహ్నాలు ఏమీ మాట్లాడట్లేదు కదండీ?"

లేదండీ అన్నాను.

"హమ్మయ్య" అని ఆయన కుర్చీలో వెనక్కి వాలారు.