కాంపౌండరు మీద నా కోపం

మొన్న ఆదివారం మా అమ్మాయి ఫోన్ చేసి, అవీ ఇవీ మాట్లాడాక, తను చదువుతున్న నవలని సగంలో ఆపేశానని చెప్పింది. ఎందుకే అని అడిగితే, "ఆ మెయిన్ క్యారెక్టర్ అస్సలు లైకబుల్ కాదమ్మా, అలాంటివాడితో నాకెందుకు టైమ్ వేస్ట్?" అంది, ఇక్కడ అమెరికాలో పుట్టి పెరిగిన పిల్లల యాసలో, తేలిగ్గా. సరేలే అని ఫోన్ పెట్టేశాను గానీ ఆ మాట నన్ను సాయంత్రందాకా వదల్లేదు. నవలలోని ఒక మనిషిని నేనూ ఒకప్పుడు అలాగే కొట్టిపారేయబోయాను. ఆ మనిషే నన్ను ఒక పెద్ద తప్పులోంచి చెయ్యిపట్టి బయటికి లాగాడు. ఆ సంగతి మా అమ్మాయికి ఇంతవరకూ చెప్పలేదు. సూట్‌కేసులో బట్టల మధ్య నాలుగు నవలలు కుక్కుకుని ఈ దేశానికి వచ్చిన నా ఈడువాళ్ళు మీలో ఉంటారు కనుక, ముందు మీతో చెప్పుకోవాలనిపిస్తోంది.

అప్పట్లో మేము అరిజోనాలోని చాండ్లర్‌లో ఉండేవాళ్ళం. చిప్‌లు తయారుచేసే ఒక కంపెనీలో నాది టెస్ట్ ఇంజనీరు ఉద్యోగం. తయారైన చిప్ సరిగ్గా పనిచేస్తోందో లేదో పరీక్షించే ప్రోగ్రాములు రాయడం నా పని. రెండువేల తొమ్మిది ప్రాంతమది, ఏ క్యూబికల్ ఎప్పుడు ఖాళీ అవుతుందో తెలియని రోజులు. మావారి ఉద్యోగం అప్పటికే పోయింది. గ్రీన్‌కార్డు దరఖాస్తు క్యూలో ఉంది, ఈ దేశంలో మా కాపురమంతా నా ఒక్కదాని ఉద్యోగానికి వేలాడుతోంది. పొద్దున్నే ఆఫీస్‌కి వెళ్ళి బ్యాడ్జి పెడితే తలుపు తెరుచుకున్నందుకు కూడా దేవుడికి దండం పెట్టుకునేదాన్ని.

అలాంటి రోజుల్లో ఒక సాయంత్రం, ఏదో చిన్న ప్రయోగం కోసం టెస్ట్ ప్రోగ్రాంలో ఒక అంకె మార్చాను. వెళ్ళేముందు మళ్ళీ పాత అంకె పెట్టాలి. ఆ వేళ మావారికి ఇంటర్వ్యూ, అదేమైందోనన్న ధ్యాసలో మరిచిపోయి ఇంటికి వచ్చేశాను. మర్నాడు పనికిరాని చిప్‌లు కూడా మంచివాటి లెక్కలో పాసై కస్టమర్‌కి వెళ్ళిపోయాయి, వారం తిరిగేసరికి పెద్ద గొడవైంది.

ఆ మర్నాడు మెషీన్ నడిపింది మా టీంలో కొత్తగా చేరిన ఒక అమ్మాయి. నిజామాబాద్ నుంచి మాస్టర్స్‌కి వచ్చి, చదువు ముగించుకుని మా దగ్గర చేరి అప్పటికి ఏడాది కూడా కాలేదు. కంపెనీ ఆమెకింకా హెచ్-వన్ వీసాకి ఫైల్ చేయాల్సి ఉంది. ఆ మెషీన్‌కి మేమందరం ఒకే లాగిన్ వాడేవాళ్ళం కాబట్టి అంకె మార్చిందెవరో ఏ రికార్డూ చెప్పదు. కొత్త పిల్ల, తెలియక ఏదో నొక్కి ఉంటుందని అందరూ అనుకున్నారు. అంతకన్నా ఘోరం, ఆ అమ్మాయి కూడా అలాగే అనుకోవడం మొదలుపెట్టింది. "నేనే ఏదో చేసుంటనక్కా, నాకే గుర్తొస్తలేదు," అని నా పక్కన కూర్చుని కళ్ళు తుడుచుకుంది. నెలాఖరుకి విచారణ పూర్తవుతుందనీ, ఆమె వీసా సంగతి ఆ తర్వాతే ఆలోచిస్తామనీ మా మేనేజరు చెప్పాడు.

రేపు చెబుదామనుకున్నాను. రేపు వచ్చింది, చెప్పలేదు. మా ఇంటి పరిస్థితి, మా అమ్మాయి స్కూలు, మావారి ముఖం, అన్నీ గుర్తొచ్చి మళ్ళీ రేపటికి వాయిదా వేసేదాన్ని. ఆ కొత్తమ్మాయిని మాత్రం చాలా బాగా చూసుకున్నాను. కారు లేదని పొద్దునా సాయంత్రం దింపేదాన్ని, మధ్యాహ్నం తనకీ ఓ డబ్బా పులిహోరో పెరుగన్నమో పట్టుకెళ్ళేదాన్ని, ఇంకో కంపెనీకి పంపుకోవడానికి రెజ్యుమె కూర్చుని దిద్దిపెట్టాను. సొంత చెల్లెలినైనా ఇంత చూడవేమో అని మావారు మెచ్చుకున్నారు. ఆ మెచ్చుకోలు నాకు హాయిగానే ఉంది, ఏం దాచుకోను.

ఇక శనివారాల సంగతి. ఆ రోజుల్లో మాకున్న ఊరట ఒకటే, శనివారం మధ్యాహ్నం ఊళ్ళో లైబ్రరీవాళ్ళిచ్చే చిన్న మీటింగ్ రూములో ఎనిమిది తొమ్మిదిమందిమి చేరి తెలుగు నవల చదువుకోవడం. పుస్తకం ఒక్కటే ఉండేది, అందుకని వంతులవారీగా పైకి చదివేవాళ్ళం. బయట కారు స్టీరింగు పట్టుకుంటే చేతులు కాలిపోయే ఎండ, లోపల ఏసీ చలికి అందరం చున్నీలూ కొంగులూ కప్పుకుని కూర్చునేవాళ్ళం. ఆ వేసవిలో మాకు దొరికిన పుస్తకం మా ఎదురింటావిడ అత్తగారు ఇండియా నుంచి తెచ్చుకున్న పాత నవల. వరంగల్ దగ్గర ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి ఆవిడ, మేమంతా పెద్దమ్మా అనేవాళ్ళం. పుస్తకానికి అట్టా, మొదటి పేజీలూ లేవు. దాని పేరేమిటో, రాసిందెవరో ఆవిడకీ తెలియదు, ఈనాటికీ నాకూ తెలియదు.

అందులో ఒక చిన్న ఊరి డిస్పెన్సరీ కాంపౌండరు కథ. అతను పొరపాటున ఒక సీసా మందు బదులు ఇంకొకటి ఇస్తాడు. రోగి చావు తప్పించుకుంటాడు గానీ నింద అక్కడ పనిచేసే ఒక ఆయా మీద పడుతుంది. ఆమెని తీసేస్తారు. కాంపౌండరు నోరు విప్పడు. కానీ అక్కడినుంచి అతనంత దయగల మనిషి ఆ ఊళ్ళో ఉండడు. ఆయా పిల్లలకి పలకలు కొనిస్తాడు, ఆమె తల్లికి ఇంటికెళ్ళి కట్టు కడతాడు, ఊరంతా అతన్ని దేవుడంటుంది. నిజం చెబుదామని మూడుసార్లు డాక్టరుగారి గుమ్మందాకా వెళ్ళి, మూడుసార్లూ ఎండలు మండిపోతున్నాయండీ అని చెప్పి తిరిగొస్తాడు.

మీకు ఇట్టే కనబడుతున్న పోలిక నాకు మూడు శనివారాలు కనబడలేదంటే నమ్ముతారా? పైగా ఆ కాంపౌండరు మీద అందరికన్నా ఎక్కువ మండిపడింది నేనే. వాడు పచ్చి మోసగాడనీ, అలాంటివాణ్ణి ఇంత ముద్దొచ్చేలా రాసినందుకు ఆ రచయితని నిలబెట్టి కడిగెయ్యాలనీ, ఇక ఆ పుస్తకం ఆపేసి ఇంకోటి మొదలుపెడదామనీ గొంతు పెంచి వాదించాను. పెద్దమ్మ చేతిలో పుస్తకం మూసి వేలు అడ్డం పెట్టుకుని నావైపు చూసి, "అంత కోపమెందుకు బిడ్డా? ఆయన నీకేం జేసిండు?" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వబోయాను, రాలేదు.

ఆవిడకి నా సంగతేమీ తెలియదు. తన ధోరణిలో తను చెప్పుకుపోయింది. "నేను ముప్పై ఏండ్లు దవాఖానల జేసిన. నిజంగ చెడ్డోళ్ళని ఇద్దరు ముగ్గుర్నే జూసిన. భయపడ్డ మంచోళ్ళను మస్తుమందిని జూసిన. ఈయన పలకలు కొనిచ్చుడు, కట్లు కట్టుడు అంతా దేనికి? ఒక్క మాట జెప్పాలె, అది జెప్పకుండా ఉండెతందుకు వంద మంచి పనులు జేస్తున్నడు. పాపం, ఆ ఒక్క మాట జెప్పుడే వీటన్నిటికన్న అల్కగుంటుండె."

నా ఒళ్ళోని హ్యాండ్‌బ్యాగులో, శుక్రవారం ఆ అమ్మాయి కడిగి తిరిగిచ్చిన డబ్బా ఉంది. బ్యాగు మీద చెయ్యి వేస్తే గట్టిగా తగిలింది. ఆ తర్వాత వంతు నాది, పుస్తకం నా చేతికొచ్చింది, నాలుగు లైన్లు చదివి పక్కావిడకి ఇచ్చేశాను.

ఆదివారం మావారికి అంతా చెప్పాను. ఆయన లేచి రెండు కప్పుల టీ పెట్టుకొచ్చి, ఒకటి నాకిచ్చి, "రేపు పొద్దున్నే చెప్పెయ్, మధ్యాహ్నందాకా ఆగకు," అన్నారు. ఉద్యోగం లేని మనిషి, ఆ మాట అనడానికి ఎంత ధైర్యం కావాలో ఇప్పుడు తలుచుకుంటే ఆయనకి చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

సోమవారం మేనేజరు గదిలో నిలబడి చెప్పాను. మొదట నోటికొచ్చింది ఎండల మాటే సుమండీ, నిజంగా; అది మింగేసి అసలు సంగతి చెప్పాను. ఆయన కోప్పడలేదు, ఇన్ని రోజులెందుకు ఆగావని మాత్రం అడిగాడు. నాకు రావాల్సిన లీడ్ పోస్టు పోయింది, మళ్ళీ ఆ కంపెనీలో ఉన్నన్నాళ్ళూ రాలేదు. ఉద్యోగం నిలిచింది. ఆ అమ్మాయికి హెచ్-వన్ ఫైల్ చేశారు.

కష్టమైనది అది కాదు, ఆ అమ్మాయికి చెప్పడం. పార్కింగ్ లాట్‌లో కారు పక్కన నిలబెట్టి చెప్పాను. ఆమె అరుస్తుందనుకున్నాను. చిన్న గొంతుతో, "మీ బాక్స్ తింటా మీకే చెప్పుకుని ఏడ్చిన కదక్కా," అని, ఆ రోజు బస్సులో ఇంటికి వెళ్ళిపోయింది. ఆరేడు నెలలు పని మాటలు తప్ప ఇంకోటి మాట్లాడలేదు. నేనూ మంచితనంతో ఆమె వెంటపడలేదు. వంద మంచి పనులు చేయకుండా ఊరికే ఉండటం, ఎదురుపడినప్పుడు తలదించుకోవడం అప్పుడే నేర్చుకున్నాను.

ఆ నవలలో కాంపౌండరు చివరికీ నిజం చెప్పడు. అతను పోయినప్పుడు ఊరు ఊరంతా వెనక నడుస్తుంది. ఆ చివరి పేజీలు పెద్దమ్మ చదువుతుంటే మా అందరికన్నా ఎక్కువ ఏడ్చింది నేనే. మంచి మనుషుల కథలు నా చిన్నప్పటినుంచి ఎన్ని చదివానో లెక్కలేదు, అన్నీ చదివి నేనూ అలాంటిదాన్నే అనుకుని నిద్రపోయాను. నా ముఖం నాకు చూపించింది ఆ పిరికి కాంపౌండరే. మనిషి తను చేసిన తప్పు కన్నా దాన్ని కప్పుకోవడానికి చేసిన మంచితోనే నిజం నుంచి ఎక్కువ దూరం పోతాడని అతను కాక ఇంకెవరు చెబుతారు నాకు?

కొన్నేళ్ళకి ఆ అమ్మాయి పెళ్ళి చేసుకుని జార్జియా రాష్ట్రంలోని కమ్మింగ్‌కి వెళ్ళిపోయింది. గృహప్రవేశానికి నన్ను పిలిచింది. వెళ్ళాను. వచ్చినవాళ్ళకి, "ఈ అక్క నాకు పని నేర్పింది," అని పరిచయం చేసింది. అంతకుమించి ఏమీ అనలేదు, నేను దానితోనే కడుపు నిండి వచ్చాను.

పెద్దమ్మ ఆ శీతాకాలంలోనే ఇండియా వెళ్ళిపోయింది, మళ్ళీ రాలేదు. ఆ శనివారాలవాళ్ళు ఒక్కొక్కరే తలో రాష్ట్రానికి తరలిపోయారు. ఇప్పుడు చాండ్లర్‌లో తెలుగువాళ్ళకి కొదవలేదట, పండగలకి పెద్ద పెద్ద హాళ్ళు నిండిపోతున్నాయట; సంతోషమే. ఇవాళ ఎవరైనా ఒక తప్పు చేస్తే నిమిషాల్లో అందరి ఫోన్లలోకీ వచ్చేస్తుంది, సాయంత్రానికి అతనెలాంటివాడో అందరూ తేల్చేస్తారు. అట్టలేని ఒక పుస్తకం చుట్టూ చేరి, లేని మనిషి ఒకడు నిజం ఎందుకు చెప్పలేకపోయాడో వారాల తరబడి ఓపిగ్గా విన్న తొమ్మిదిమంది మధ్య కూర్చునే అదృష్టం నాకు పట్టింది. అంత ఓపిగ్గా ఒకరిని వింటారని తెలిస్తే, నిజం చెప్పడానికి మనిషికి ఇంకాస్త ధైర్యం వస్తుందేమో.