రయీస్ షాకిర్ కొట్టిన వంకర వరుస

పాలస్తీనాలోని నాబ్లస్ పాతబజారు సబ్బుశాలల్లో ముద్ర కొట్టడమంటే షాకిరే కొట్టాలి అనేవారు. మేడ మీద నేలంతా పరిచి పోసిన ఆలివ్ నూనె సబ్బు గట్టిపడీ పడకముందే, దాని మీద గొంతుక్కూర్చుని, రెండు చేతులా అడుగున ముద్ర చెక్కిన రెండు సుత్తులతో వెనక్కి జరుగుతూ టపటపా కొట్టుకుపోయేవాడు. దారం పట్టి చూసినా వరుసలో తేడా దొరికేది కాదు. ముప్పై ఏళ్లు అలా కొట్టాక మోకాలు మొరాయించింది. యజమాని హాజీ మున్‌జిర్ ఆయన్ని ఏడుగురు పనివాళ్ల మీద పెద్దగా, రయీస్‌గా నిలబెట్టాడు. జీతమూ పెరిగింది, గౌరవమూ పెరిగింది. మనిషి మాత్రం మాడిపోయాడు.

చేతిలో సుత్తి లేదన్న దిగులు అది. చెబితే నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, మోకాలి మీద కోపమంతా పనివాళ్ల మీద చూపించాడు. చీమ చిటుక్కుమన్నా కసిరేవాడు. మేడ మీద పాటలు ఆగిపోయాయి. ముద్రలు లోతుగా దిగి సబ్బుల అంచులు పగిలాయి. వరసగా రెండు పోతల్లో సగం సబ్బు మళ్లీ కాగులోకే పోయింది.

హాజీ మెట్లెక్కి వచ్చి చూశాడు. "రయీస్, వచ్చే పోత కూడా ఇలాగే తగలడితే మేడకి తాళం వేసి యంత్రం తెప్పిస్తా. అప్పుడు మీరంతా ఇంట్లో కూర్చుని తీరిగ్గా కాఫీ తాగుదురుగాని" అని దిగిపోయాడు.

ఆ పోత రోజునే షాకిర్ మోకాలు చూపించుకోవడానికి ఆసుపత్రికి వెళ్లి, పది గంటలకి వచ్చాడు. మెట్ల మీద ఉండగా పాట వినిపించింది. గుమ్మంలో అడుగు పెట్టగానే ఆగిపోయింది. కర్ర ఆనించి అరగంట కాపలా కాశాక ఆయన నేలకేసి చూశాడు. గోడ దగ్గర్నుంచి వచ్చిన వరుసలన్నీ గీత గీసినట్టున్నాయి. చివరి రెండే వంకర. తను ఏ వరుస దగ్గర లోపలికొచ్చాడో వేలు పెట్టి చూపించవచ్చు.

"వజ్దీ, ఆ మంచివి కొట్టిందెవరు?" అని పాత పనివాణ్ణి అడిగాడు.

"మేమే."

"మరి ఇవి?"

"ఇవీ మేమే. చేతులు మావే రయీస్, వణుకు నువ్వు పెట్టింది."

షాకిర్‌కి పౌరుషం పొడుచుకొచ్చింది. అరిచేవాడే. అరిస్తే మూడో వరుస కూడా పోతుందని అప్పటికే తెలిసిపోయింది. మధ్యాహ్నం దాటితే సబ్బు బిగుసుకుపోయి ముద్ర దిగదు.

"ఇలా పడెయ్ ఆ సుత్తులు" అన్నాడు. వంగని కాలు పక్కకి చాపి, కూలబడి, పదకొండు సబ్బులు కొట్టాడు. ఒక్కటీ సరిగ్గా పడలేదు.

"అబ్బో!" అన్నాడు వజ్దీ. "గాడిద నడిచి వెళ్లినట్టుంది. ముప్పై ఏళ్లు కొట్టింది నువ్వేనా, మీ తమ్ముణ్ణి పంపేవాడివా?"

షాకిర్ పకపకా నవ్వాడు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు.

"ఇక నా వల్ల కాదురా. ఆ ఏడుపంతా మీ మీద ఏడ్చాను. తప్పు నాది. కానివ్వండి. పాట కూడా!"

అందరికంటే ముందు తనే అందుకున్నాడు, అదీ అపశ్రుతిలో. ఆ గొంతుకి జడిసి మిగతావాళ్లు గట్టిగా పాడారు. మధ్యాహ్నం నమాజుకి పిలుపు వచ్చేసరికి నేలంతా ముద్ర పడింది.

హాజీ వచ్చి ఈ గోడ నుంచి ఆ గోడ దాకా నడిచాడు. "రెండు వరుసలు పోయాయంటే సర్దుకుంటా. ఈ మూడోది మరీ ఘోరం. ఎవడు వీడు? రేపట్నుంచి రావద్దని చెప్పు."

"నేనే హాజీ" అన్నాడు వజ్దీ. "కాదు, నేను" అన్నాడు ఇంకొకడు.

"అబద్ధం" అన్నాడు షాకిర్, తల ఎత్తి. "అది నా చేయి. ఆ రెండు వరుసలు చెడిందీ నా మొహం వల్లే. మిగతా నేలంతా వీళ్లది. చూసుకో హాజీ, ఏ యంత్రం కొడుతుంది ఇలా?"

ఆ మాట అంటున్నప్పుడు, సుత్తి పట్టిన రోజుల్లో కూడా లేనంత గర్వం ఆయనకి.

హాజీ వంగి ఒక ముద్ర అంచు వేలితో తడిమాడు. "శనివారం ఇంకో పోత పోయిస్తున్నా. నువ్వు పొద్దున్నే రా" అని మెట్లు దిగాడు.

షాకిర్ తన పదకొండు సబ్బులూ చూపించి, "ఇవి కాగులో వెయ్యండి" అన్నాడు.

ఏడుగురిలో ఒక్కడూ కదల్లేదు.